అడ్డురాని కెమెరా

బ్యాంకు మేనేజరుకి కావలసింది ఒక్క కాగితం. ఏ కెమెరా కొంటారో, ఎక్కడ కొంటారో రాసి, షాపువాడు ముద్రవేసి ఇచ్చే కొటేషన్. మంగళవారంలోగా తెస్తే ఎవాంజలిన్ పేరున లోను వచ్చేస్తుందని, తేకపోతే ఫైలు మళ్ళీ మొదటికొస్తుందని ఆయన మర్యాదగానే చెప్పాడు. కాగితం మీద ఒక్క కెమెరా పేరే ఉండాలన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తండ్రికీ కూతురికీ మిగతా అన్ని విషయాల్లో మాట కలుస్తుంది గాని, నెల రోజులుగా ఆ ఒక్క పేరు దగ్గర కలవడం లేదు.

బుధవారం పొద్దున్న తోమా వీధరుగు మీద పాత తువ్వాలు పరిచి, దానిమీద తన భుజం కెమెరాని పడుకోబెట్టి, జూమ్ మీటని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. లెన్సు సగం దాకా వచ్చి కరకరమని ఆగిపోతోంది. వేలి కణుపుతో రెండుసార్లు తడితే మళ్ళీ కదులుతోంది. జ్వరమొచ్చిన పిల్లని తట్టినట్టు తడుతున్నాడు.

"భుజం కెమెరాయే రాయించుకుందాం అమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "కొత్తదాంట్లో జూమ్ ఇరవైనాలుగు రెట్లు. రెండు కార్డులు పడతాయి. ఒకటి పోయినా ఒకటుంటాది. నాలుగ్గంటలు తీసినా వేడెక్కదు."

"ఇప్పుడు ఆ కెమెరాని చూసి ఎవరు పిలుస్తన్నారు నాన్నా?" ఎవాంజలిన్ గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటోంది. "అరచేతిలో పట్టేది ఉండాలి. చిన్న లెన్సు పెట్టుకుని దగ్గరకెళ్ళి తియ్యాలి. పెళ్ళికూతురి గోరింటాకు కనబడాలి, కంట్లో నీళ్ళు కనబడాలి. నువ్వు హాలు చివర స్తంభం దగ్గర నిలబడి జూమ్ లాగుతావు. ఇరవయ్యారేళ్ళ నుంచి అన్ని పెళ్ళిళ్ళూ ఒకేలాగ ఉంటాయి. ఎప్పుడైనా మండపం ఎక్కేవా అసలు?"

"జనాలకి అడ్డు రాకూడదు," అన్నాడు తోమా.

ఆ మాటమీదే అతనికి పేరొచ్చింది. వడ్డాది నుంచి చీడికాడ దాకా పెళ్ళి పెద్దలు ఎవరైనా సరే, 'తోమాని పిలండి, తోమా కెమెరా అడ్డు రాదు' అంటారు. తీసిన వీడియో బాగుందని ఎవరూ అనరు. మనిషి ఉన్నట్టే తెలియదని అంటారు. తోమా దాన్ని మెప్పుగానే పుచ్చుకున్నాడు. తండ్రికి చాదస్తం ఎక్కువని ఎవాంజలిన్ అనుకునేది. చదువుకున్న పిల్లలు తల్లిదండ్రుల గురించి తొందరగా ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు.

వాళ్ళ ఊరు చోడవరంలో, బస్టాండు దగ్గర స్టూడియో నడిపే సూర్యతేజ ఈ తగువుకి ఒక దారి చూపించాడు. వడ్డాదిలో ప్రవల్లిక పెళ్ళి ఆర్డరు అతనిదే. తన చిన్న కెమెరా ఒకటి ఎవాంజలిన్ చేతిలో పెట్టి, "రెండ్రోజులు దీంతో తీసి చూడు. చెయ్యి కుదిరితే ఇదే రాయించుకో. కెమెరా నీదై, పని బాగుంటే ప్రతి ముహూర్తానికీ నిన్నే పిలుస్తాను, నీ పేరుతోనే," అన్నాడు. పెళ్ళింటి పెద్దవాళ్ళు తోమానే కావాలంటారు కాబట్టి అతను కూడా తన పాత కెమెరాతో హాల్లో ఉండాలి. ప్రవల్లికయితే డిగ్రీలో మూడేళ్ళూ ఎవాంజలిన్ పక్క బెంచీలోనే కూర్చుంది. "నువ్వే తియ్యాలే ఎవా. బాగా దగ్గరగా," అని ఫోన్ చేసి మరీ చెప్పింది.

గురువారం తోమా జూమ్ బాగు చేయించడానికి అనకాపల్లి వెళ్ళాడు. ఎవాంజలిన్ ఒక్కతే స్కూటీ మీద వడ్డాది వెళ్ళింది. ఆ రోజు కుమ్మరింటి నుంచి ఐరేణి కుండలు తేవాలి. సున్నం పూసి, ఎరుపూ పసుపూ చారలు దిద్దిన పెళ్ళికుండలు. నలుగురాడవాళ్ళు నాలుగు కొసలూ పట్టుకున్న చీర నీడలో, డప్పుల మధ్య, అవి వీధులన్నీ తిరిగి ఇంటికొచ్చాయి. ఎవాంజలిన్ వెనక్కి నడుస్తూ తీసింది, పక్కకి వంగి తీసింది, ఒకసారి కాలవగట్టు మీద పడబోయి నిలదొక్కుకుంది. డప్పులవాళ్ళు కూడా నవ్వారు.

కుండల్ని దేవుడి గదిలో బియ్యం మీద దింపి దీపం పెట్టారు. ఎవాంజలిన్ చెప్పులు విడిచి, బొటనవేలితో కెమెరా బొత్తం నొక్కి, గడప దాటి లోపలికి వెళ్ళింది. ఎవరూ వద్దనలేదు. ప్రవల్లిక నాయనమ్మ అప్పలనరసమ్మ మాత్రం ఒకసారి చూసి, కూర్చున్నచోటే కొంచెం పక్కకి జరిగింది. చోటిచ్చిందనుకుని ఎవాంజలిన్ మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు నేలకి ఆనించి, కుండ మెడ మీద దీపపు వెలుగు కదలడాన్ని తీసింది. ఊపిరి బిగబట్టి తీసింది. ఇదీ పని అంటే, అనుకుంది. బయటికొచ్చి మళ్ళీ బొత్తం నొక్కి, కెమెరాని హాల్లో స్టాండు మీద పెట్టింది.

"పెరట్లో వడ్డిస్తన్నారు. తినేసి రాయే," అంది ప్రవల్లిక.

సాయంత్రం ఇంట్లో లాప్‌టాప్‌కి కార్డు పెట్టి చూసుకుంటే, వీధిలో తీసినవి చాలావరకు ఉన్నాయి. దేవుడి గది లేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే అది. ఆపడానికీ మొదలెట్టడానికీ ఒకటే బొత్తం. ఒక్కసారి వరస తప్పితే ఇంక తీస్తున్నామనుకున్నప్పుడు ఆగి ఉంటుంది, ఆపేశామనుకున్నప్పుడు నడుస్తూ ఉంటుంది. వీధిలో తూలినప్పుడు ఎక్కడో వేలు తగిలింది. గడప దాటినప్పుడు నొక్కిన నొక్కుకి కెమెరా ఆగింది. బయటికొచ్చి నొక్కిన నొక్కుకి నడిచింది. ముప్పయ్యెనిమిది నిమిషాల నిడివిగల ముక్క ఒకటి కార్డు మీద ఉంది. హాల్లో స్టాండు మీద నుంచి, తెరిచి ఉన్న దేవుడి గది తలుపు.

అప్పుడే తోమా అనకాపల్లి నుంచి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు. "ఆ పార్టు ఇప్పుడు రావట్లేదంట," అంటూ కూతురి వెనక నిలబడ్డాడు. ఎవాంజలిన్ ముక్కని జరుపుకుంటూ పోతోంది. తలుపు, తలుపు, తలుపు. తరవాత మనుషులు.

అప్పలనరసమ్మ గడపలో కూర్చుని తడిగుడ్డతో నేల తుడుస్తోంది. ఎవాంజలిన్ మోకాళ్ళు ఆనిన చోటు, మోచేతులు పెట్టిన చోటు. తరవాత కుండలు ఒక్కొక్కటీ పైకెత్తించి, కింద బియ్యం తీయించేసి, కొత్త బియ్యం పోయించింది. పక్కన పసుపునీళ్ళ చెంబు పట్టుకుని ప్రవల్లిక నిలబడి ఉంది. ముసలమ్మ మామిడాకుతో నీళ్ళు చిలకరించింది.

"తొందరగా కానీ నాయనమ్మా," ప్రవల్లిక గొంతు స్పష్టంగా వినిపించింది. "ఎవా తినేసి వచ్చేస్తది. చూస్తే బాధపడతది."

"ఆ గుంటకేటి తెలుసు, పాపం," అంది ముసలమ్మ. గొంతులో కోపమేం లేదు. "అదే తోమా అయితే గడప దగ్గరే నిలబడతాడు. ఒకరు సెప్పక్కర్లేదు."

ఎవాంజలిన్ ముక్కని ఆపలేదు. అది దానంతటది నడుస్తూనే ఉంది. వంటింట్లో తల్లి జ్ఞానమ్మ పోపు వేసిన చప్పుడు వినబడింది.

"రికార్డింగు పెట్టేక ఎర్ర చుక్క ఎలిగిందో లేదో సూసుకోవాలని ఎన్నిసార్లు సెప్పేను?" అన్నాడు తోమా.

ఎవాంజలిన్ వెనక్కి తిరిగి చూసింది. అతను తెరని చూడడం లేదు. కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, మడతలు విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు.

"ఇందుకేనా నాన్నా జూమ్?"

"ఛ, అదేం కాదు. వేడెక్కదని. రెండు కార్డులు పడతాయని."

"నాన్నా."

"సెరిపెయ్యి దాన్ని." గొంతు తగ్గించాడు, జ్ఞానమ్మ వింటుందని. "నా టేపుల్లో కూడా పడ్డాయి ఇలాంటివి. ఒకటి కాదు. అన్నిటి మీదా మళ్ళీ రికార్డు చేసేసేను. మనకెందుకు?"

ఆమెకి మొదట కోపమే వచ్చింది, అదీ ప్రవల్లిక మీద కాదు, తండ్రి మీద. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. తరవాత ఆ కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ఎప్పుడైనా మండపం ఎక్కేవా అని బుధవారం తనడిగిన మాట గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముక్కని చెరపలేదు. లాప్‌టాప్ మూసేసింది.

శుక్రవారం పదీ నలభై రెండుకి ముహూర్తం. చోడవరంలోనే కళ్యాణ మండపం. ఎవాంజలిన్ రాననలేదు. పని ఒప్పుకున్నాక రాననడం వాళ్ళింట్లో లేదు. తోమా ఎప్పటిలాగే హాలు చివర స్తంభం పక్కన స్టాండు నిలబెట్టి, పురోహితుడి మైకు నుంచి వచ్చే తీగని తన కెమెరాకి కలిపి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఎవాంజలిన్ చిన్న కెమెరా పట్టుకుని మండపం మెట్లెక్కింది.

ఎవరూ ఆపలేదు. అది ఇల్లు కాదు, అద్దెకిచ్చే హాలు. ఫోటోలు తీసే కుర్రాళ్ళిద్దరు అప్పటికే మండపమంతా తిరుగుతున్నారు. ఆమె జీలకర్ర బెల్లం గిన్నె తీసింది, అడ్డుతెర అంచు తీసింది, పెళ్ళికొడుకు మెడ మీద చెమట తీసింది. అన్నీ దగ్గర్నుంచే. ఎర్ర చుక్క వెలిగిందో లేదో ప్రతిసారీ చూసుకుంది. అప్పలనరసమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆమె ఎవాంజలిన్‌ని చూసి తలూపింది, తిన్నావా అన్నట్టు చేత్తో సైగ కూడా చేసింది.

ప్రవల్లికని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఎవాంజలిన్ లెన్సుని ఆమె చేతుల మీదికి తెచ్చింది. గోరింటాకు బాగా పండింది. ఆ చేతులే నిన్న చెంబు పట్టుకున్నాయి. లెన్సు మొహం మీదికి తెచ్చింది. ప్రవల్లిక సరిగ్గా లెన్సులోకి చూసి నవ్వింది. బెంచీలో పక్కన కూర్చున్నప్పటి నవ్వే. అందులో కపటమేమీ లేదు. అది నిజంగా స్నేహంగా నవ్విన నవ్వే. అదే భరించలేకపోయింది ఎవాంజలిన్. తన మోకాళ్ళ కింద నేల తడిగా ఉన్నట్టనిపించింది. ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. ఎవరూ దిగమనలేదు. మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి, స్తంభం దగ్గరికి వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

తోమా ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ పక్కకి తోశాడు. "ఏటమ్మా దిగిపోయేవు? తాళి కట్టే వేళవుతుంటే?"

"అడ్డొస్తన్నానేమో అని."

తోమా ఆమె మొహంలోకి చూశాడు. మండపం మీదికి చూశాడు. మళ్ళీ ఆమెని చూశాడు. ఆ మాట ఇన్నేళ్ళూ తన నోట్లో ఉన్నంత కాలం అతనికి బరువనిపించలేదు.

"ఇటియ్యి," అని చిన్న కెమెరా అందుకున్నాడు. హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకి పెట్టాడు. "నా కెమెరా సూసుకో. జూమ్ ఆగిపోతే తట్టు."

ఎవాంజలిన్ పాత కెమెరా అద్దంలో కన్ను పెట్టింది. అందులో నుంచి చూసింది తండ్రి నడిచి వెళ్ళడాన్ని. మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. వాటిని పక్కకి సర్దాడు. నెరిసిన తల వంచుకుని మెట్లెక్కాడు. ఎక్కినవాడు ఎక్కడ నిలబడాలో తెలియక ఒక్క క్షణం అటూ ఇటూ అయ్యాడు. ఫోటో కుర్రాడు భుజం తగిలించి ముందుకెళ్ళిపోయాడు. తోమా కెమెరాని భుజానికి ఆనించబోయి, అది భుజం కెమెరా కాదని గుర్తొచ్చి, రెండు చేతులతోనూ మొహం ముందు పట్టుకున్నాడు.

పురోహితుడి మైకులోంచి మంత్రం వినిపిస్తోంది ఆమెకి. దాని వెనక నుంచి అప్పలనరసమ్మ గొంతు, మెత్తగా.

"తోమా, కిందికి దిగు బాబూ. అడ్డొస్తన్నావు."

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు తోమా.

మంత్రం ఒక్క క్షణం ఆగింది. ప్రవల్లిక తండ్రి లేచి ఏదో అనబోతుంటే, పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని చెయ్యెత్తాడు. గట్టిమేళం మోగింది. చెవుల్లో ఇంకే మాటా వినబడలేదు. తోమా దిగలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళాడు. అంత దగ్గర అక్కర్లేదు, ఆ లెన్సు అంత దగ్గరవి చూడలేదు. ఆ సంగతి అతనికి తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకి వంగి, పెళ్ళికూతురి మెడకి మూరెడు కంటే దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్షింతలు అతని తలమీద కూడా పడ్డాయి. ఎవాంజలిన్ జూమ్ లాగింది. సగంలో ఆగిపోయింది. తట్టింది. వచ్చాక అద్దం నిండా తండ్రి వీపే ఉంది. మడతల మీద చెమటపట్టిన తెల్ల చొక్కా. మూడు ముళ్ళూ ఆ వీపు వెనకే పడ్డాయి.

ఇంటికొచ్చాక చిన్న కెమెరా ముక్కని తోమాయే రెండుసార్లు చూశాడు. పసుపుతాడు మసక. వేళ్ళు మసక. బొమ్మ అదురుతోంది. వెనకనున్న పెళ్ళికొడుకు భుజం మీద జరీ అంచు మాత్రం పోగు పోగునా కనబడుతోంది. ఏ కెమెరాలోనూ తాళి కట్టడం లేదు. కార్డులు రెండూ ఎవాంజలిన్ సూర్యతేజకి అప్పజెప్పేసింది. గురువారం ముక్కని తియ్యకుండానే ఇచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చునేసరికి సూర్యతేజ ఫోను. తోమా స్పీకరు పెట్టాడు.

"అంకుల్, తాళి లేదు అంకుల్ వీడియోలో. ప్రవల్లిక వాళ్ళ నాన్న స్టూడియోకొచ్చి అరిచేడు. నేనేటి చెప్పాలి? తోమా అంకుల్ ఇలాగ చేస్తారని ఎవరనుకుంటారు?"

"తప్పయిపోయింది బాబూ."

"వడ్డాది ఆర్డర్లు రెండున్నాయి, వాళ్ళ చుట్టాలవే. మీరొద్దని వాళ్ళంటన్నారు. ఎవాని కూడా కొన్నాళ్ళు ఆగమనండి." అవతల తలుపు మూసిన చప్పుడైంది. "కార్డులో గురువారంది ఒకటుంది అంకుల్. చూసేను. సెరిపేసేను. ఎవరికీ మంచిది కాదు గదా."

"మంచిది బాబూ," అని తోమా ఫోను పెట్టేశాడు.

జ్ఞానమ్మ బైబిలు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. ఆమెకి శుక్రవారం సంగతి ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిసింది. గురువారం సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలియనిదేం కాదు.

"ఇరవయ్యారేళ్ళు సంపాదించిన పేరు," అంది. "ఒక్క నిమిషంలో పారేసుకున్నావు. నీకేటి పుట్టింది? ఎందుకెక్కేవు?"

తోమా అరుగు మీద పడుకోబెట్టిన పాత కెమెరా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గుంట దిగిపోయింది గదే," అన్నాడు చివరికి. "నన్ను కిందుండమని మొదట్లో ఎవరో సెప్పేరు. దీన్ని ఎవరూ అన్లేదు. అదే దిగిపోయింది. అది సూసి నేను తట్టుకోలేకపోయేను."

ఎవాంజలిన్ లోపలికి వెళ్ళిపోయింది. ఏడవడానికి అనుకుంది, తీరా వెళ్ళాక ఏడుపు రాలేదు.

సోమవారం ఇద్దరూ విశాఖపట్నం బస్సెక్కారు. దారంతా ఆమె మనసులో లెక్క తేల్చుకుంటూనే ఉంది. సూర్యతేజ పిలవడు. ఇంకెవరైనా పిలిస్తే వాళ్ళూ మనుషులే, వాళ్ళ ఇళ్ళకీ గడపలుంటాయి. ఎక్కడ నిలబడితే అక్కణ్ణుంచి తీసే కెమెరా ఉంటే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. నాన్న ఇన్నేళ్ళు బతికింది అలాగే. షాపులో ఏసీ చల్లగా ఉంది. కొటేషన్ పుస్తకం ముందుకి లాక్కుని షాపతను పెన్ను మూత తీశాడు.

"భుజం కెమెరా రాయండి," అంది ఎవాంజలిన్. "ఇరవైనాలుగు జూమ్ ఉన్నది."

"కాదు," అన్నాడు తోమా. "చిన్నది రాయండి బాబూ. దగ్గర లెన్సుది."

షాపతను నవ్వాడు. "మొన్న ఫోన్లో మీరేగా సార్, జూమ్ ఎంతని మూడుసార్లు అడిగింది?"

"అడిగేను."

"నాన్నా, ఎందుకు?" ఎవాంజలిన్ గొంతు తగ్గించింది. "మనల్ని ఇంకెవరు పిలుస్తారు? దాంతో ఎవరి దగ్గరకెళ్తాం?"

"తెలీదమ్మా." నిజంగానే తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "దూరం నుంచి తియ్యడం నాకొచ్చును. కళ్ళు మూసుకుని తీస్తాను. దగ్గర్నుంచి తియ్యడం రాదు. మొన్న సూసేవు గదా. నువ్వు నేర్పాలి నాకు. నాకు నేర్పాలంటే నువ్వు ఎక్కాలి."

షాపతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అద్దాల బీరువాలోంచి చిన్న కెమెరా తీసి, లెన్సు బిగించి తోమా చేతిలో పెట్టాడు. తోమా దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత దగ్గర దాకా కనిపిస్తాది బాబూ ఇందులో?"

"మూరెడు దూరం చాలు సార్. అంతకంటే ముందుకెళ్తే మసకేస్తుంది."

తోమా కుడిచేతిని చాచాడు. మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా కొలిచి, ఆ కొస కూతురి మొహానికి తగిలీ తగలకుండా ఉండేలా జరిగి నిలబడ్డాడు. చెయ్యి తీసేసి ఆ దూరంలోనే కెమెరా ఎత్తాడు. తెరమీద ఎవాంజలిన్ కనురెప్పలు విడివిడిగా కనబడ్డాయి. తడిసి ఉన్నాయి. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంత దగ్గరగా నేనెవర్నీ తియ్యలేదమ్మా," అన్నాడు.